రేటు పెంచలేదు సరే, పన్ను పెరిగిందా లేదా?

సంపాదకులు గారికి,

నమస్కారం. మీ ప్రవాసుల పేజీలో వీసాల కబుర్లు, ఉద్యోగాల కోతలు, ఇక్కడి ఇళ్ళ ధరలు అన్నీ చదువుతుంటాను. ఇక్కడ ఇల్లు కొనుక్కున్న మనవాళ్ళు ఏటా వేల డాలర్లు కట్టే ప్రాపర్టీ టాక్స్ గురించి, అందులోనూ కాలేజీ పేరుతో ఉండే ఒక లైను గురించి మాత్రం ఎవరూ రాయగా నా కంట పడలేదు. అందుకే ఈ ఉత్తరం, కాస్త పొడుగైనా వేయమని మనవి.

నేనుండేది టెక్సస్‌లో, డాలస్‌కి ఉత్తరాన ఫ్రిస్కోలో. ఈ రాష్ట్రంలో జీతం మీద స్టేట్ టాక్స్ లేదు కదా అని సంబరపడి వచ్చినవాళ్ళమే అందరం, వచ్చాక తెలిసింది ఆ భారంలో పెద్ద భాగం ఇంటి మీదే పడుతుందని. బిల్లు తీసి చూస్తే స్కూల్ డిస్ట్రిక్టుకి ఒక లైను, సిటీకి ఒకటి, కౌంటీకి ఒకటి, ఆ తరవాత కాలేజీకి ఒకటి ఉంటాయి. స్కూలుదే అన్నిటికన్నా పెద్దది కాబట్టి అందరి కళ్ళూ దాని మీదే, నాలుగు వందలో ఐదు వందలో ఉండే కాలేజీ లైను దగ్గర ఎవరూ ఆగరు.

తెలియనివాళ్ళకి ముందు ఒక మాట చెప్పాలి. ఇక్కడ కమ్యూనిటీ కాలేజీలంటే రెండేళ్ళ కోర్సులు చెప్పే ప్రభుత్వ కాలేజీలు, టెక్సస్‌లో ఇవి 50 డిస్ట్రిక్టులుగా, అంటే సొంత హద్దులూ పన్ను వేసే అధికారం ఉన్న ప్రాంతాలుగా ఉన్నాయి. వాటికి డబ్బు మూడు చోట్ల నుంచి వస్తుంది: రాష్ట్రం ఇచ్చేది, పిల్లలు కట్టే ఫీజు, డిస్ట్రిక్టు హద్దులో ఉన్న ఇళ్ళ మీద, షాపుల మీద, భూముల మీద వేసే పన్ను. ఆ పన్ను వేసేది గవర్నరు కాదు, మేయరు కాదు, కాలేజీకున్న సొంత బోర్డు. మా కౌంటీలో ఉన్న కాలిన్ కాలేజీనే తీసుకోండి, 1985లో ఇక్కడి ఓటర్లు ఓటేసి పెట్టుకున్న కాలేజీ అది, బోర్డులో ట్రస్టీలని తొమ్మిది మంది సభ్యులుంటారు, పదవీకాలం ఆరేళ్ళు, బేసి సంవత్సరాల్లో మే నెలలో ఎన్నికలు. మన వీధిలో ఎవర్నైనా అడగండి, ఒక్క ట్రస్టీ పేరైనా చెప్పగలిగితే గొప్పే.

ఇక అసలు సంగతికొస్తాను. ఏటా ఆగస్టులో ఏదో ఒక బోర్డు నుంచి “ఈ ఏడు కూడా రేటు పెంచలేదు” అన్న ప్రకటన వస్తుంది. మనవాళ్ళ వాట్సాప్ గ్రూపుల్లో అది తిరుగుతుంది, హమ్మయ్య అనుకుంటాం. ఆ మాట అబద్ధం కాదు, కానీ రేటు పెరగకపోవడం వేరు, పన్ను పెరగకపోవడం వేరు. రేటంటే ఇంటి విలువలో ప్రతి వంద డాలర్లకీ ఎన్ని సెంట్లు అనే లెక్క. లెక్క తేలిగ్గా ఉండడానికి ఎనిమిది సెంట్లనుకోండి. పన్ను లెక్కకి మీ ఇంటి విలువ 5 లక్షల డాలర్లయితే కాలేజీకి 400 డాలర్లు. మరుసటి ఏడు విలువ 5.5 లక్షలయింది, రేటు అదే ఎనిమిది సెంట్లు, బిల్లు 440. మీ జేబులోంచి పది శాతం ఎక్కువ పోయింది, రేటు మాత్రం కదల్లేదు. నిజంగా 400 దగ్గరే ఉండాలంటే రేటుని దాదాపు 7.27 సెంట్లకి దించాలి. కాలిన్ కాలేజీ రేటు ఏళ్ళ తరబడి 8.12 సెంట్ల దగ్గరే ఉంది, ఆ ఏళ్ళలోనే ఈ చుట్టుపక్కల ఇళ్ళ ధరలు ఎలా ఎగిశాయో మీ బంధువుల్ని ఎవరినడిగినా చెబుతారు.

ఈ తేడా నేను కనిపెట్టింది కాదండీ, టెక్సస్ చట్టమే చెబుతోంది. 2019లో సెనేట్ బిల్ 2 అని ఒక చట్టం వచ్చింది. అంతకు ముందున్న లెక్కలకే జనానికి అర్థమయ్యే పేర్లు పెట్టారు. ఒకటి నో న్యూ రెవెన్యూ రేటు, అంటే నిరుడున్న ఆస్తుల మీద నిరుడొచ్చినంత డబ్బే ఈ ఏడూ రావాలంటే రేటు ఎంతుండాలి అన్నది. రెండోది వోటర్ అప్రూవల్ రేటు, అంటే ఓటర్లని అడక్కుండా బోర్డు ఎంతవరకు వెళ్ళొచ్చు అన్న గీత. ఆ గీత దాటితే నవంబరులో ఎన్నిక పెట్టి తీరాలి, పూర్వం లాగా జనం సంతకాలు సేకరించి అడగక్కర్లేదు. ఈ చట్టంతో సిటీలకీ కౌంటీలకీ ఆ హద్దుని ఏడాదికి 8 శాతం నుంచి 3.5 శాతానికి దించారు. కమ్యూనిటీ కాలేజీలకీ ఆసుపత్రి డిస్ట్రిక్టులకీ మాత్రం పాత 8 శాతమే ఉంచేశారు. మా సిటీకి లేని వెసులుబాటు మా కాలేజీకి ఉందన్నమాట, ఇది ఇక్కడ ఇరవై ఏళ్ళుగా ఉంటున్న వాళ్ళలోనూ చాలామందికి తెలియదు.

ఈ 8 శాతం ఎలా పనిచేస్తుందో ఒక్కసారి లెక్క వేసి చూడండి, మీకే ఆశ్చర్యం వేస్తుంది. డిస్ట్రిక్టులో ఆస్తులన్నీ కలిపి పది వేల కోట్ల డాలర్లనుకుందాం, ఎనిమిది సెంట్ల చొప్పున వచ్చేది ఎనిమిది కోట్లు. వచ్చే ఏడు అవే ఆస్తుల విలువ 8 శాతం పెరిగి పది వేల ఎనిమిది వందల కోట్లయింది. అదే ఎనిమిది కోట్లు రావాలంటే రేటు దాదాపు 7.41 సెంట్లుంటే చాలు, అది నో న్యూ రెవెన్యూ రేటు. దానికి 8 శాతం కలపండి, ఎంతొచ్చింది? సరిగ్గా ఎనిమిది సెంట్లు. అంటే విలువలు 8 శాతం పెరిగిన ఏడు బోర్డు ఏమీ చేయకుండా పాత రేటునే ఉంచేస్తే చాలు, చట్టం అనుమతించిన హద్దు చివరిదాకా వెళ్ళినట్టే. ఓటర్లని అడగక్కర్లేదు, “రేటు పెంచలేదు” అని చెప్పుకోవడానికి అభ్యంతరమూ లేదు. లెక్క అర్థం కావాలని నేను వేసిన సంఖ్యలివి, ఏ కాలేజీవీ కావు, కానీ పద్ధతి ఇదే.

పైగా ఆ 8 శాతం అన్నది మొత్తం రాబడి మీద పెట్టిన మూత కాదు. ఆ ఏడాది కొత్తగా కట్టిన ఇళ్ళు, మాల్సు, ఆఫీసులు ఆ లెక్కలోకి రావు. ప్రాస్పర్ వైపు, సెలైనా వైపు వెళ్ళి చూస్తే తెలుస్తుంది, నిన్న గడ్డి మేసే పశువులున్న చోట ఇవాళ మనవాళ్ళు గృహప్రవేశాలు చేసుకుంటున్నారు. అలా పైన వేసిన లెక్కలోని డిస్ట్రిక్టులోనే ఇంకో 400 కోట్ల డాలర్ల కొత్త ఆస్తి వచ్చి చేరితే ఎనిమిది సెంట్ల మీద 32 లక్షల డాలర్లు అదనం, అది హద్దుకి బయట. ఇది తప్పని నేను అనను, కొత్త జనం వస్తే కొత్త క్లాసురూములు కావాలి. అప్పు తీర్చే రేటు కూడా ఆ 8 శాతంలో లేదు. బిల్లులో ఒకే లైనుగా కనిపించినా కాలేజీ రేటులో రెండు ముక్కలుంటాయి: జీతాలకీ కరెంటుకీ రోజువారీ నడపడానికీ ఒకటి, బాండ్ల అప్పు కట్టడానికి ఇంకొకటి. హద్దంతా మొదటి ముక్కకే. రెండో ముక్కకి ఓటర్లు బాండుకి అవునన్న రోజే ఒప్పుకున్నట్టు. కాలిన్ కౌంటీలో 2017 మేలో 60 కోట్ల డాలర్ల బాండు పాసయింది, వైలీ, ఆలెన్, ఫార్మర్స్‌విల్, సెలైనా క్యాంపసులు ఆ తరవాత తెరుచుకున్నవే. డాలస్ కౌంటీలో 2019లో 110 కోట్లు, ఆస్టిన్‌లో 2022లో 77 కోట్లు. ఎన్ని వేల తెలుగు కుటుంబాలు ఆ అప్పు కడుతున్నాయో, వాళ్ళలో ఆ బాండు ఎన్నికల రోజు ఓటేసినవాళ్ళు ఎందరో ఎవరికి వాళ్ళు గుర్తు చేసుకోవాలి.

మన వాళ్ళు ఈ పన్ను విషయంలో శ్రద్ధ లేనివాళ్ళు కాదు, ఆ మాట నేను ఒప్పుకోను. ఏప్రిల్, మే వచ్చిందంటే ప్రొటెస్టుల హడావిడి, అంటే ఇంటికి కట్టిన విలువ ఎక్కువైందని అభ్యంతరం పెట్టే హడావిడి చూడాలి. పన్ను కోసం ఇంటి విలువ ఎంత కట్టారో చెప్పే అప్రైజల్ నోటీసు రాగానే పక్కింటిది ఎంత, వెనకింటిది ఎంత, ఎవరికి ఏ ఏజెంటు ఎంత తగ్గించాడు అని రోజంతా అవే మెసేజులు. గడువు మామూలుగా మే 15. శ్రమంతా అక్కడే అయిపోతుంది, రేటు నిర్ణయించే ఆగస్టు నాటికి అందరూ ఇండియా ట్రిప్ నుంచి వచ్చి స్కూళ్ళ హడావిడిలో ఉంటారు. విలువ సగం కథ, రేటు మిగతా సగం. మొదటి సగానికి కొట్లాడి రెండో సగాన్ని ఖాళీ కుర్చీలకి వదిలేస్తున్నాం.

మొదటి సగంలో కూడా చాలామందికి ఒక విషయం తెలియడం లేదు. సొంతంగా ఉండే ఇంటికి హోమ్‌స్టెడ్ రాయించుకుంటే పన్ను లెక్కకి తీసుకునే విలువ ఏడాదికి 10 శాతం మించి పెరగకూడదు. మంచి రక్షణే. కానీ ధరలు ఒక్కసారిగా ఎగిరిన తరవాత మార్కెట్ విలువ 6.5 లక్షలు, పన్ను విలువ 5 లక్షల దగ్గర ఆగి ఉందనుకోండి. మార్కెట్ పడిపోయి 6.3 లక్షలైనా సరే పన్ను విలువ 5.5 లక్షలకి ఎక్కుతుంది, ఇంకా అందుకోవాల్సింది ఉంది కాబట్టి. అలాంటి ఇంటికి ప్రొటెస్ట్ చేసి 6.5ని 6.3 చేయించుకుని “గెలిచాం” అని గ్రూపులో పెట్టినవాళ్ళకి ఆ ఏడు ఒక్క డాలరు కూడా తగ్గదు. మార్కెట్ చల్లబడింది, పన్ను ఎందుకు పెరిగిందని అడిగేవాళ్ళకి జవాబు ఇదే. ఆ ఏడు బిల్లు తగ్గించగలిగేది రేటు ఒక్కటే, అది బోర్డు చేతిలో ఉంది.

ఇంకొక అపోహ. హోమ్‌స్టెడ్ మినహాయింపు, అంటే పన్ను లెక్కలో సొంతింటి విలువలోంచి తీసేసే మొత్తం, 2023లో లక్ష డాలర్లయింది, 2025 నవంబరు ఓటుతో లక్షా నలభై వేలయింది అని అందరూ సంతోషించారు, నేనూ సంతోషించాను. అది స్కూల్ డిస్ట్రిక్టు లైనుకి మాత్రమే. కాలేజీ లైను మీద ఆ మినహాయింపు లేదు, అక్కడ ఇవ్వాలా వద్దా, ఇస్తే ఎంత అన్నది కాలేజీ బోర్డు ఇష్టం. విలువలో 20 శాతం దాకా ఇవ్వడానికి చట్టం ఒప్పుకుంటుంది. 65 దాటినవాళ్ళకి కాలేజీ పన్ను అక్కడితో పెరగకుండా ఆపేసే అధికారం కూడా 2003 రాజ్యాంగ సవరణ నుంచి ఈ బోర్డులకి ఉంది. పెద్దవాళ్ళని ఇండియా నుంచి తెచ్చుకుని ఇక్కడే స్థిరపడ్డ కుటుంబాలు, ఈ దేశానికి 1980ల్లో వచ్చి ఇప్పుడు రిటైరవుతున్న మన తొలితరం వాళ్ళు ఇలాంటివి అడగాలి. అడగకపోతే ఎవరిస్తారు?

ఇదంతా చదివి కాలేజీకి వ్యతిరేకంగా రాస్తున్నానని ఎవరూ అనుకోవద్దు. మా వీధిలో హైస్కూలు పిల్లలు చాలామంది డ్యూయల్ క్రెడిట్ కింద కాలేజీ క్లాసులు అక్కడే చేస్తున్నారు, యూనివర్సిటీకి వెళ్ళేసరికి ఒక సెమిస్టరో రెండో కలిసొస్తున్నాయి, ఆ మేరకు ఫీజు మిగులుతోంది. పిల్లలు పెద్దయ్యాక మళ్ళీ ఉద్యోగం వెతుక్కునే ఆడవాళ్ళు అకౌంటింగ్, నర్సింగ్ కోర్సులకి అక్కడికే వెళ్తున్నారు. యూనివర్సిటీ ఫీజు భరించలేని పిల్లలకి అది తప్ప దారి లేదు. 2023లో హౌస్ బిల్ 8 అని ఇంకో చట్టం తెచ్చి, రాష్ట్రం ఇచ్చే డబ్బుని ఎంతమంది చేరారన్న దానికి కాకుండా ఎంతమంది సర్టిఫికెట్ చేతపట్టారు, ఎంతమంది యూనివర్సిటీకి మారారు అన్న దానికి ముడిపెట్టారు. మంచి మార్పు. నేను కట్టే నాలుగైదు వందలు దండగని ఒక్కరోజూ అనుకోలేదు. పన్ను ఎక్కువ తీసుకుంటున్నప్పుడు ఎక్కువ తీసుకుంటున్నామని మొహం మీద చెప్పి, దేనికో చెప్పి తీసుకోమనే నా గొడవ.

పన్ను కట్టడం వల్ల ఏం వస్తుందో తెలియాలంటే మా ఊళ్ళోనే పడమటి వైపు చూస్తే చాలు. ఫ్రిస్కో రెండు కౌంటీల్లో ఉంది. తూర్పున కాలిన్ కౌంటీలో ఉన్న ఇంటికి కాలేజీ లైను ఉంటుంది. పడమర డెంటన్ కౌంటీలో ఉన్న ఇంటికి ఉండదు, అక్కడ కాలేజీ పన్ను వేసే డిస్ట్రిక్టే లేదు. ఒకే గుడికి వెళ్ళేవాళ్ళం, ఒకే కొట్లో కూరగాయలు కొనేవాళ్ళం, కాలిన్ కాలేజీలో సీటు తీసుకున్న రోజు మాత్రం వాళ్ళది వేరే కౌంటీ ఫీజు, అంటే మాకన్నా ఎక్కువ. ఇల్లు కొనేటప్పుడు స్కూల్ రేటింగ్ చూసినట్టే దీన్నీ చూసుకోవాలని కొత్తగా కొనేవాళ్ళకి నా సలహా.

మిగతా రాష్ట్రాల్లో హద్దులు వేరు. కాలిఫోర్నియాలో 1978 నుంచి మూల పన్ను విలువలో ఒక శాతానికి కట్టేశారు, విలువ కూడా ఇల్లు చేతులు మారేదాకా ఏడాదికి 2 శాతం మించి పెరగదు, అందుకే అక్కడి కాలేజీ డిస్ట్రిక్టులు ఎక్కువగా బాండ్ల దారి పడతాయి, 55 శాతం ఓట్లొస్తే చాలు. కూపర్టినో, సన్నీవేల్‌లో ఉండేవాళ్ళకి ఫుట్‌హిల్ డి ఆంజా డిస్ట్రిక్టు 2020లో పాస్ చేయించుకున్న దాదాపు 90 కోట్ల బాండు గుర్తుండే ఉంటుంది. ఇల్లినాయ్‌లో షికాగో చుట్టుపక్కల కౌంటీల్లో 5 శాతమో ద్రవ్యోల్బణమో ఏది తక్కువైతే అదే హద్దు. విస్కాన్సిన్‌లో టెక్నికల్ కాలేజీల నిర్వహణ పన్ను కొత్త నిర్మాణం ఎంత శాతం పెరిగితే అంతే పెరగాలి. వీటి పక్కన టెక్సస్ 8 శాతం ఎంత వదులుగా ఉందో చూడండి.

ఇది అమెరికా గోల, మాకెందుకు అని విజయవాడలోనో గుంటూరులోనో చదివేవాళ్ళు అనుకోవచ్చు. ఆంధ్రప్రదేశ్ పట్టణాల్లో 2020లో చట్టం మార్చి ఇంటి పన్నుని అద్దె విలువ నుంచి ఆస్తి మూలధన విలువకి మార్చారు, పాత పన్ను మీద ఏడాదికి 15 శాతం మించి పెంచకూడదన్న హద్దు పెట్టారు. ఇక్కడ మా 10 శాతం ఎలా ఏటా మెట్టు మెట్టుగా ఎక్కుతుందో అక్కడ 15 శాతం కూడా అలాగే ఎక్కుతుంది, రిజిస్ట్రేషన్ విలువ పెరిగితే శాతం మారకపోయినా పన్ను పెరుగుతుంది. ఇంటి పన్ను రసీదులో రూపాయికి 8 పైసల గ్రంథాలయ సెస్సు ఎప్పటి నుంచో ఉంది, 1960 నాటి చట్టం అది. మన ఊరి లైబ్రరీ పేరు మీద మన దగ్గరే వసూలు చేసే డబ్బు. ఆ డబ్బు జిల్లా గ్రంథాలయ సంస్థకి చేరిందా అని మున్సిపాలిటీని అడిగే హక్కు అక్కడి వాళ్ళకీ ఉంది.

మళ్ళీ మా దగ్గరికొస్తే, ఇక్కడ మనవాళ్ళలో చాలామంది గ్రీన్ కార్డు క్యూలో ఏళ్ళ తరబడి ఉన్నవాళ్ళు. ఇల్లు కొన్నారు, పన్ను కడుతున్నారు, ఓటు లేదు. ట్రస్టీల ఎన్నికలోనూ లేదు, బాండులోనూ లేదు. అందుకని మనకేం సంబంధం అని ఊరుకుంటున్నారు. కానీ రేటు మీద జరిగే పబ్లిక్ హియరింగుకి వెళ్ళి మాట్లాడడానికి పౌరసత్వం అక్కర్లేదు. నో న్యూ రెవెన్యూ రేటుకి మించి వెళ్ళాలంటే బోర్డు ముందుగా నోటీసిచ్చి హియరింగ్ పెట్టాలి. ఓటు పేరుపేరునా నమోదు కావాలి, బోర్డులో 60 శాతం మంది అవునంటేనే పాసవుతుంది, అంటే తొమ్మిది మందిలో ఆరుగురు. తీర్మానం ప్రతిపాదించే ట్రస్టీ ఇది పన్ను రేటుని ఇంత శాతం పెంచినట్టే అని నోరు తెరిచి చెప్పాలి, ఆ మాటలు చట్టంలోనే రాసి ఉన్నాయి. రోజువారీ ఖర్చుల పన్ను నిరుటి కన్నా పెరిగితే, లక్ష డాలర్ల ఇంటి మీద ఎంత పెరుగుతుందో కాలేజీ తన వెబ్‌సైట్ మొదటి పేజీలో వేయాలి. ఇన్ని తలుపులు తెరిచి పెట్టింది చట్టం, లోపలికి వెళ్ళేవాళ్ళే లేరు.

ఆగస్టు మొదటి వారంలో అప్రైజల్ ఆఫీసు నుంచి ఒక పోస్టుకార్డో ఈమెయిలో వస్తుంది, మీ ఇంటి మీద ఏ బోర్డు ఎంత వేయబోతోందో, హియరింగ్ ఎప్పుడో ఫలానా సైటులో చూసుకోమని. చాలామంది దాన్ని ప్రకటన కాగితాలతో కలిపి చెత్తబుట్టలో వేస్తారు. దయచేసి వేయకండి. సైటు తెరిస్తే మీ ఇంటి నంబరుతోనే కాలేజీ లైను పక్కన మూడు అంకెలు కనిపిస్తాయి: నిరుటి రేటు మీద ఎంత, నో న్యూ రెవెన్యూ రేటు మీద ఎంత, వాళ్ళు ప్రతిపాదించిన రేటు మీద ఎంత. రెండోదానికీ మూడోదానికీ ఉన్న తేడాయే మీ మీద పడుతున్న పెంపు. అది ముప్పై డాలర్లు కావచ్చు, యాభై కావచ్చు. సబబే అనిపిస్తే సబబే అని ఆ హియరింగులో చెప్పండి, కాదనిపిస్తే అదీ చెప్పండి.

ఇక్కడి తెలుగు సంఘాలకి కూడా మీ పత్రిక ద్వారా ఒక విన్నపం. ఏటా వసంతంలో ప్రొటెస్ట్ ఎలా చేయాలో మీటింగులు పెడుతున్నారు, చాలా మంచి పని. అలాంటిదే ఒకటి ఆగస్టులో రేట్ల మీద పెట్టండి. ట్రస్టీల పదవికి నిలబడ్డవాళ్ళని మన దసరా, సంక్రాంతి స్టేజీల మీదకి పిలిచి శాలువా కప్పి పంపేయకుండా, 65 దాటినవాళ్ళ పన్ను ఆపుతారా, హోమ్‌స్టెడ్ 20 శాతానికి తెస్తారా, విలువలు 8 శాతం పెరిగిన ఏడు రేటు ఎంతకి దించుతారు అని ఆ స్టేజీ మీదే మైకులో అడగండి. మీరు కూడా, సంపాదకులు గారూ, జులై చివరికి అప్రైజల్ లెక్కలు ఖరారవగానే డాలస్, హ్యూస్టన్, ఆస్టిన్ చుట్టుపక్కల కాలేజీ డిస్ట్రిక్టుల హియరింగ్ తేదీలు మీ ప్రవాసుల పేజీలో ఒక చిన్న పెట్టెలో వేస్తే చాలు. సెప్టెంబరు చివరికల్లా రేట్లు ఖాయమైపోతాయి, జనవరి 31లోగా అందరం కట్టేస్తాం, ఈ మధ్యలో మాట్లాడడానికి మనకుండేది ఆ కొద్ది వారాలే.

ఇట్లు,
ఫ్రిస్కో, టెక్సస్ నుంచి మీ పాఠకుడు